రెండు పొట్టివి, ఒకటి పొడుగు

గోదావరిఖని,
14 జూన్ 2004

బొగ్గు రాజ్యమందలి లాంప్ రూమ్ సంస్థానాన్ని ఇరవై రెండేళ్లుగా ఏలుచున్నవాడును, తొమ్మిదో తరగతిని రెండుసార్లు దర్శించి ఒక్కసారీ దాటనివాడును అయిన లింగమూర్తి, నాగపూర్‌లోని తన బావ రఘుపతికిని, ఆయన చుట్టూ తిరిగే సమస్త జీవులకును చాటించునది:

నేటి నుండి మా కిటికీ మీద పెట్టిన చాయ్ గ్లాసులో ఈగ పడినచో ఆ గ్లాసు ఈగ సొత్తు. మా బూడిదరంగు పిల్లి మేనేజరు గారి కుర్చీలో ఈనినది కావున, ఆ కుర్చీకి పురుడు. పురుడు తీరువరకు మేనేజరు గారు నిలబడియే సంతకాలు చేయవలెను. నా మీసానికి వేసిన రంగును రంగు అని పిలుచువారు దండనార్హులు.

డప్పు కింద పెట్టాను. ఇక నీ సంగతికి వస్తాను బావా.

ఫోన్ చేయొద్దు, వర్క్‌షాపు చిరునామాకు ఉత్తరం రాయి అన్నావు. ఎందుకో నాకు తెలియదా? కారు అనే మాట చెవిన పడితే మా అక్క సంధ్యారాణి నిన్ను ఆ వర్క్‌షాపులోనే పడుకోమంటుంది. సరే, రహస్యం మన ఇద్దరి మధ్యే. తంతి తపాలా శాఖ మూడోది.

నువ్వు చూసి రమ్మన్న రెండు కార్లూ చూశాను. రెండూ పాతకాలపు హెరాల్డు కార్లే, రెండూ రెండు తలుపులవే, రెండింటికీ గుడ్డ టాపు. అక్కడితో చుట్టరికం సరి.

మొదటిది శ్రీరాంపూర్‌లో మెకానిక్ రాజం దగ్గరుంది. ఎరుపు. ఎంత ఎరుపంటే నేను చూస్తుండగా ఒక బర్రె దాన్ని చూసి దారి మార్చుకుంది. పేరుకు హెరాల్డు, కడుపులో మారుతి వ్యాను ఇంజను. వెడల్పు టైర్లు, మెత్తటి సీట్లు, లోపల నీలం లైట్లు. ఇంకో వింత, దాని క్లచ్ కాలితో తొక్కేది కాదు. గేరు కర్రకు ఒక పిడి బిగించి, చేత్తో పట్టి నొక్కేటట్టు చేశాడు. దాని పాత ఆసామికి పోలియో కాలట. భలే సుఖంగా ఉంది. రాజం ఒక్క తిప్పు తిప్పితే స్టార్ట్ అయింది.

రెండోది మన చర్చి వెనుక వీధిలో సువార్తమ్మ షెడ్డులో ఉంది. నీకు చెప్పేదేముంది, నీకు స్టీరింగ్ పట్టడం నేర్పిన ఆమె పెనిమిటి, గనిలో షిఫ్టు పెద్ద, జ్ఞానయ్య ఓవర్‌మన్ కారు. మా గనిలో పైకప్పు మీద కూలి ఆయన చనిపోయి పదిహేనేళ్లయింది. అప్పటి నుంచి ఆ కారు కదల్లేదు. ఒకప్పుడు తెలుపు, ఇప్పుడు బూడిద. ఒక్క మేకు కూడా మారలేదని సువార్తమ్మ అంటుంది. ముందు భాగమంతా ఒక్కసారే పైకి లేస్తుంది చూడు, ముసలి ఎద్దు ఆవులించినట్టు, దాన్ని లేపుదామంటే తుప్పు పట్టి రాలేదు. క్లచ్ తొక్కాను. నా మోకాలు నన్ను పేరు పెట్టి తిట్టింది.

సువార్తమ్మ అంది: "ఆదివారం ఆదివారం నూనె గుడ్డతోని తుడుస్త బిడ్డా. ఆ డ్రైవర్ సీటు మాత్రం తుడువ. ఆయన కూసున్న గుంత అట్లనే ఉన్నది."

చూశాను. ఉంది బావా. ఇప్పుడే లేచిపోయినట్టు ఉంది.

నా ఓటు ఎర్రదానికి.

నీ బామ్మర్ది, దీపాల దొర
లింగమూర్తి


నాగపూర్,
27 జూన్ 2004

లింగమూర్తికి బావ రఘుపతి దీవెనలు.

నీ చాటింపు వర్క్‌షాపులో చదివి వినిపించాను. తెలుగువాళ్లు నవ్వారు. మరాఠీవాళ్లకు పిల్లి పురుడు వరకు చెప్పగలిగాను, మీసం సంగతి చెప్పలేకపోయాను.

వర్క్‌షాపు దసరాకు మూసేస్తున్నారు. ఇది ఖాయం. అందుకే ఖనికి తిరిగొస్తున్నాను. ఈ వయసులో నన్ను ఎవరూ కొత్తగా పనిలోకి తీసుకోరు. మన దగ్గర పెళ్లి ఊరేగింపులకు ఇంకా జీపు టాపు విప్పి పూలు కడుతున్నారు. టాపు లేని పాత కారు ఒకటి ఉంటే శ్రీరాంపూర్ నుంచి మంథని దాకా ప్రతి పెళ్లికొడుకూ అందులోనే కూర్చోవాలంటాడు. డ్రైవరును పెట్టను. నేనే నడుపుతాను. ఇది మా ఇద్దరి బతుకు సంగతి, నీకు వెక్కిరింపుగా ఉండొచ్చు.

ఇక కార్ల మాట. ఇరవై ఆరేళ్లుగా బండ్లు విప్పి బిగిస్తున్నాను. ఒకదాని గుండె తీసి ఇంకొకదానికి పెట్టిన బండి ఎవరి మాటా వినదు. దాని రోగం ఏ పుస్తకంలోనూ ఉండదు. అసలు బండి మొరాయిస్తుంది, కానీ ఎందుకు మొరాయించిందో చెబుతుంది. అదీకాక అది ఉస్తాద్ జ్ఞానయ్య బండి.

నా ఎడమకాలి మీద బస్సు జాకీ మీంచి జారి పడిన సంగతి, లోపల ఇనుప కడ్డీ వేసిన సంగతి మీ అక్క నీకు చెప్పే ఉంటుంది. కాలు అతికింది. నడుస్తున్నాను. ఇంట్లో పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఆ కాలి మీద చర్చ జరుగుతోంది, అది చాలు. నువ్వు కూడా ఆ మాట ఎత్తితే మన మధ్య ఉత్తరాలు బందు. "చేత్తో నొక్కే క్లచ్, భలే సుఖం" అన్న వాక్యం నేను చదవలేదు.

రఘుపతి


గోదావరిఖని,
11 జూలై 2004

బావకు,

చదవని వాక్యాన్ని మళ్లీ రాయను. పిల్లి పిల్లలు నాలుగు. అందులో ఒకటి అచ్చం మన అకౌంట్స్ బాబు ముఖం. వానలు మొదలయ్యాయి. ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టల మీదినుంచి నల్లనీళ్లు రోడ్డు మీదికి వస్తున్నాయి. షేర్ ఆటోవాళ్లు మనిషికి ఒక కాలు లోపల, ఒక కాలు బయట అనే లెక్కన ఎక్కించుకుంటున్నారు.

నీకు చెప్పాలా వద్దా అని వారం నుంచి ఆలోచిస్తున్నాను. నేను ఆలోచించానంటేనే నీకు అనుమానం రావాలి.

మొన్న మొదటి షిఫ్టు దిగి, సువార్తమ్మ వీధి మీదుగా సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాను. పట్టపగలు. సన్నటి తుంపర. వీధిలో మనిషి లేడు. షెడ్డుకు తాళం. తాళం మీద వాననీళ్లు కారుతున్నాయి. అప్పుడు లోపల హారన్ మోగింది.

పిల్లలనుకున్నాను. తాళం వేసిన షెడ్డులోకి పిల్లలెట్లా వెళ్తారు? తీగకు తీగ తగిలిందనుకున్నాను. పదిహేనేళ్లుగా ఆ కారులో బ్యాటరీ లేదు. నిలబడ్డాను. మళ్లీ మోగింది. అదే తీరు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. గట్టిగా కాదు. ఎవరినో నిద్ర లేపకుండా పిలుస్తున్నట్టు.

షెడ్డు ముందు ఒక నల్లకుక్క పడుకుని ఉంది. అది మొరుగుతుందేమో అనుకున్నాను. మొరగలేదు. లేచింది. షెడ్డు తలుపు దిక్కు చూసి, తోక కిందికి వేసుకుని, ఎరిగిన మనిషి బయటికి వస్తుంటే ఎట్లా దారి ఇస్తుందో అట్లా పక్కకు జరిగింది. తలుపు తెరుచుకోలేదు. కానీ కుక్క తల మాత్రం, తలుపు దగ్గర నుంచి వీధి మలుపు దాకా, ఎవరో నడిచి పోతుంటే చూసినట్టు మెల్లగా తిరిగింది.

నేను సైకిల్ ఎక్కలేదు. సైకిలే నన్ను ఎక్కించుకుని ఇంటికి తెచ్చింది.

తర్వాత విచారిస్తే వీధిలో వాళ్లు నోరు విప్పరు. "మొదటి షిఫ్టు దిగే యాళ్లకు మేము బయటికి రాము" అని మాత్రం ఒక ముసలమ్మ అంది. మొదటి షిఫ్టులోనే కదా జ్ఞానయ్య పోయింది.

పెళ్లి బండి కావాలంటున్నావు. పెళ్లికొడుకును ఆ గుంతలో కూర్చోబెడతావా? ఎర్రదాని హారన్ ఐదు రకాల పాటలు పాడుతుంది, ఐదూ బతికున్నవాళ్ల పాటలే.

ఆలోచించు.

లింగమూర్తి


నాగపూర్,
24 జూలై 2004

లింగమూర్తికి,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. రాజం నీకు మంచి దావత్ ఇస్తానన్నాడు, అందుకే దయ్యాన్ని పనిలో పెట్టావు అనుకున్నాను. తిడుతూ జవాబు కూడా సగం రాశాను.

తర్వాత ఆ ఒక్క లైను మళ్లీ చదివాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

ఆ సంజ్ఞ నీకు ఎవరు చెప్పారు?

బొగ్గు కుప్పల అవతల ఖాళీ జాగాలో ఉస్తాద్ నాకు బండి నేర్పేవాడు. నేను నడుపుతుంటే ఆయన లోపల కూర్చోడు. తలుపు పక్కనే నడుస్తాడు. జాగా చివర పెద్ద గొయ్యి ఉండేది. నేను దాని దిక్కు పోయినప్పుడల్లా అరిచేవాడు కాదు. తలుపు మీదుగా చెయ్యి పెట్టి హారన్ నొక్కేవాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. దాని అర్థం "ఆగు, ఎన్కకు రా". మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. మీ అక్కకు కూడా చెప్పలేదు. చెప్పడానికి అదేమైనా పెద్ద ముచ్చటా?

చెయ్యి చల్లబడింది లింగా. కడ్డీ ఉన్న కాలు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, ఈసారి చెయ్యి.

నువ్వు నన్ను భయపెడదామని రాశావో, నిజంగా విన్నావో నాకు తెలియదు. విన్నదే అయితే ఆయన ఎవరినీ భయపెట్టడం లేదు. నన్ను వెనక్కి రమ్మంటున్నాడు. ఖనికి రమ్మంటున్నాడు. ఆ బండి నాదే, ఇంక రెండో మాట లేదు. నువ్వు సువార్తమ్మ దగ్గరికి పోయి నా మాటగా చెప్పి, తాళంచెవి తీసుకుని నీ దగ్గర పెట్టుకో. వేరేవాళ్లకు ఇవ్వొద్దని చెప్పు.

రఘుపతి


గోదావరిఖని,
8 ఆగస్టు 2004

బావకు,

నేను విన్నదే రాశాను. ఎవరూ చెప్పలేదు. ఇంతకంటే నన్ను ఏమీ అడగకు. ఈ సంగతి తలుచుకుంటే మీసం రంగు దానంతట అదే తెల్లబడుతోంది.

తాళంచెవి తెచ్చాను. సువార్తమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, "రఘుపతి అయితే ఇస్త. వేరేటోడు అయితే ఇయ్యకపోదును. ఆ పిలగాడు ఆయన ముంగట బీడీ గూడ తాగకపోయేది" అంది. నీకు యాభై దగ్గర పడ్డా ఆమెకు ఇంకా పిలగాడివే.

తాళంచెవికి ఒక గుండ్రటి ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. 417. జ్ఞానయ్య బిళ్ల బావా. నువ్వు గని దిగినవాడివి కాదు కాబట్టి చెబుతున్నాను. దిగేటప్పుడు ప్రతి మనిషీ తన నంబరు బిళ్ల నాకిచ్చి తలదీపం తీసుకుంటాడు. నేను ఆ బిళ్లను ఆ నంబరు మేకుకు తగిలిస్తాను. పైకొచ్చి దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు దిగాక మేకుకు బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా కింద ఉన్నాడన్నట్టే. గనిలో పోయినవాడి బిళ్ల ఇంటివాళ్లకు ఇస్తాము, ఆ మేకుకు ఇంకెవరిదీ తగిలించము. 417 మేకు పదిహేనేళ్లుగా ఖాళీ. ఆ నంబరు ఎవరిదో మా పిల్లికి కూడా తెలుసు.

నాకొక ఆలోచన వచ్చింది, నవ్వకుండా చదువు. రెండో షిఫ్టులో నా చోటికి వచ్చేవాడు పోశం. కొత్తగా రామకృష్ణాపూర్ నుంచి బదిలీ మీద వచ్చాడు. దయ్యం పేరు చెబితే కూర్చున్నచోటే చెమట. "లింగన్నా, జర పక్కపొంటి నిలబడవే, నేను దీపాలు సదురుకునేదాకా" అంటాడు. రేపు నేను డ్యూటీ దిగేటప్పుడు ఈ బిళ్లను దాని మేకుకే తగిలించి పోతాను. వాడు తలెత్తి చూసేసరికి జ్ఞానయ్య కింద పనిలో ఉంటాడు! వాడి కేక గోదావరి బ్రిడ్జి దాకా వినపడకపోతే నా పేరు మార్చుకుంటాను.

తాళంచెవి మాత్రం జేబులో భద్రం.

నీ బామ్మర్ది
లింగమూర్తి


నాగపూర్,
2 సెప్టెంబర్ 2004

లింగా,

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. తర్వాత నీ దగ్గర నుంచి చప్పుడు లేదు. మీ గనిలో పైకప్పు కూలిందని ఇక్కడ బల్లార్షా నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. మీ పక్కింటికి ఫోన్ చేస్తే, "లింగమూర్తి బాగనే ఉన్నడు, కానీ ఎవ్వరితోని మాట్లాడుతలేడు" అన్నారు. నువ్వు మాట్లాడకపోవడమేమిటి? మీ అక్క ఏడుస్తోంది. కారు సంగతి ఆమెకు చెప్పేశాను. తిట్టలేదు. అందుకు నాకు ఇంకా భయమేసింది.

నీకొక్కడికే ఒక మాట చెబుతున్నాను. మొన్న మా సేఠ్ అంబాసిడర్ వర్క్‌షాపు వెనక్కి తీసుకుపోయి, ఎవరూ లేనప్పుడు క్లచ్ తొక్కి చూశాను. మొదట బాగానే ఉంది. కాసేపటికి కాలు వణికింది. తర్వాత కాలు అక్కడ ఉందో లేదో తెలియలేదు. పెడల్ కిందికి పోయిందా పైకి వచ్చిందా అని వంగి చూశాను. ఆ చూసిన క్షణంలో బండి గోడను తాకింది. దీపం పగిలింది, అంతే. కానీ ముందు పెళ్లివాళ్లు ఉంటే? డప్పుల ముందు చిన్నపిల్లలు ఎగురుతుంటే?

ఉస్తాద్ బండి నేను నడపలేనేమో. ఎర్రది కొనమంటావా? ఆజ్ఞ కాదు, అడుగుతున్నాను. నా ఎడమకాలి గురించి ఇప్పుడు నువ్వు రాయొచ్చు.

ఎట్లా ఉన్నావో రెండు ముక్కలు రాయి.

రఘుపతి


గోదావరిఖని,
12 సెప్టెంబర్ 2004

బావకు,

ఈసారి డప్పు లేదు.

చెప్పినట్టే చేశాను. మొదటి షిఫ్టు వాళ్లంతా పైకొచ్చి, దీపాలిచ్చి, బిళ్లలు తీసుకుపోయారు. మేకులన్నీ ఖాళీ అయ్యాక, 417 మేకుకు జ్ఞానయ్య బిళ్ల తగిలించాను. ఊగింది. చేత్తో ఆపాను. పోశం గేటు లోపలికి రావడం చూసి, నవ్వు ఆపుకుంటూ సైకిల్ ఎక్కి ఇంటికి పోయాను. కేక కోసం చెవులు రిక్కించుకుని చాయ్ తాగాను.

కేక రాలేదు.

పోశం కొత్తవాడని నేనే నీకు రాశాను చూడు, రాసినవాడికే అర్థం కాలేదు. ఆ మేకు చనిపోయినవాడిదని వాడికి ఎవరూ చెప్పలేదు. వాడికి దయ్యం కనబడలేదు బావా. మనిషి కనబడ్డాడు. బిళ్ల ఉంది, దీపం రాలేదు, అంటే ఒకడు పైకి రాలేదు. పరుగెత్తి ఓవర్‌మన్‌కు చెప్పాడు. ఆ నంబరు ఎవరిదో చూద్దామని ఒకరన్నారట. గనిలో నియమం వేరు: ముందు మనిషి, తర్వాత పేరు. రెండో షిఫ్టు సదయ్యను, ఇంకో ముగ్గురిని పని చోటికి పంపకుండా, వెతకమని పాత గ్యాలరీ సొరంగం దిక్కు పంపారు. లేని మనిషి కోసం. నా నవ్వు కోసం.

సదయ్య నీకు తెలుసు, మీ పెళ్లిలో పందెం కాసి లడ్డూలు తిన్నవాడు. వాడు మరుసటి రోజు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని చెప్పాడు. వాడి మాటల్లోనే రాస్తాను:

"పాత గ్యాలరీల పోతున్నం లింగన్న. 'ఎవలున్నరుల్లా' అని పిలుసుకుంట పోతున్నం. ఎవ్వడు పలుకుతలేడు. ఇంగ జరంత ముంగటికి పోతే గోడే. గప్పుడు మా ఎన్కదిక్కు హారన్ మోగింది."

"గంట కావచ్చు" అన్నాను. "బొగ్గు తొట్లు లాగే హాలేజీ గంట."

"ముప్పై ఏండ్ల సంది వింటున్న, గంటేందో హారనేందో నాకు తెల్వదా? మోటర్ హారన్. రెండు పొట్టిగ, ఒకటి పొడుగ్గ. గట్టిగ గూడ కాదు, పక్కన నిలబడి ఒత్తినట్టు. మోటర్ను బొగ్గుబాయిల దాకా తెచ్చిన బాడ్కావ్ ఎవడురా అని తిట్టుకుంట నలుగురం ఎన్కకు తిరిగినం. జర్రంత నడిచినమో లేదో, మేము నిలబడ్డ జాగ మీద కప్పు మొత్తం దిగింది. గాలికే బొక్కబోర్ల పడ్డం."

"హారన్ కొట్టిందెవడు?"

"ఎవడు లేడు. దీపం ఏసి సూసినం. గోడ, నీళ్లు, గంతే." నా దిక్కు తిరిగి అన్నాడు: "నువ్వేమో జడుసుకున్నట్టు గట్ల చూస్తున్నవేందే? బతికొచ్చినోన్ని నేను. చాయ్ పొయ్యమను."

చాయ్ పోశాను. వాడు గ్లాసు ఖాళీ చేసి ఇంటికి పోయాడు.

బిళ్ల నేనే తగిలించానని మేనేజరుకు రాసిచ్చాను. పోశం మీద మాట రాకూడదు కదా. విచారణ ఉంది, అప్పటిదాకా పనిలోకి రావద్దన్నారు. నలుగురి ఇళ్లకూ పోయి వాకిట్లో నిలబడ్డాను. మూడు ఇళ్లలో తిట్టారు. నాలుగో ఇంట్లో అన్నం పెట్టారు, అదే ఎక్కువ కష్టమైంది. పోశం ఒక్కడు మాత్రం, "లింగన్నా, నేను చేసింది కరెక్టే గదా?" అని అడిగాడు. కరెక్టే తమ్మీ, ఈ గనిలో ఆ రోజు కరెక్టు పని చేసినోడివి నువ్వొక్కడివే అన్నాను.

నీ కాలి గురించి రాయొచ్చన్నావు, రాస్తున్నాను. జూన్‌లోనే అక్క ఫోన్ చేసి చెప్పింది. నువ్వు రెండు మెట్లు ఎక్కి, ఎవరూ చూడకుండా గోడ పట్టుకుని నిలబడతావని. ఆ మాట నేను ఎత్తితే ఉత్తరాలు బందన్నావు. మొహం మీద చెప్పే ధైర్యం నాకు లేదు, నాకున్నది వెటకారం ఒక్కటే. నీ మనసు ఆ పాత కారు మీది నుంచి ఎట్లయినా మళ్లించాలనుకున్నాను.

బిళ్ల, తాళంచెవి ఇచ్చేద్దామని నిన్న సువార్తమ్మ దగ్గరికి పోయాను. మొదటి షిఫ్టు దిగే వేళ. వాన లేదు. షెడ్డు ముందు నల్లకుక్క పడుకుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగింది. జరగకుండా మొరిగితే బాగుండేదనిపించింది.

నీ కాలు, ఎర్రదాని చేతి క్లచ్, అంతా ఆమెకు చెప్పాను. రఘుపతికి ఈ బండి వద్దు అన్నాను. ఆమె బిళ్ల తీసుకుంది, తాళంచెవి తీసుకోలేదు.

"ఆ చేతి పిడి రాజంతోని చేపిచ్చి దీనికే ఏపియ్యరాదు?" అంది.

"అమ్మా, మారిస్తే అసలు బండి ఎట్లయితది? ఒక్క మేకు మారలేదని నువ్వే అంటివి."

"మనిషి కోసం బండా, బండి కోసం మనిషా? మీ సారు బతికుంటే ఆయనే పానా పట్టుకుని కూసుండేటోడు. రఘుపతి చేతిల పడితె చాలు, నేను ఆ సీటు గూడ తుడుస్త." షెడ్డు తాళం తీస్తూ, నా వైపు చూడకుండా అంది: "ఒక్కటే మాట. హారన్ మాత్రం పెట్టియ్యకుండ్రి."

పెట్టించడమేమిటి, ఉన్నదే కదా అన్నాను.

ఇద్దరం నూనె పోసి, నెట్టి, ముందు భాగం పైకి లేపాము. ఎద్దు ఆవులించింది. హారన్ ఉండాల్సిన చోట రెండు బోల్టు రంధ్రాలు ఉన్నాయి. వాటి చుట్టూ తుప్పు, తుప్పు మీద సాలెగూడు, ఆ గూడు కూడా పాతదే.

"ఆయన పోయిన ఏడే తీపిచ్చిన బిడ్డా. గల్లీ పోరగాండ్లు గోడ దునికొచ్చి హారన్ ఒత్తేటోళ్లు. ఒత్తినప్పుడల్ల డ్యూటీ దిగొచ్చిండనుకొని నేను కంచంల అన్నం పెట్టేదాన్ని. పెట్టి, ఎదురుంగ కూసునేదాన్ని. అన్నం సల్లారినంక యాదికొచ్చేది. గట్ల ఎన్ని దినాలని? పాత ఇనుప సామానోనికి ఏసిన."

పదిహేనేళ్లుగా ఆ కారుకు హారన్ లేదు బావా.

కారు నీదే. చేతి క్లచ్ రాజం చేసిస్తానన్నాడు. అక్కను తీసుకుని దసరాకు రా. పెళ్లిళ్లలో నీ ముందు నేను నడుస్తాను, హారన్ బదులు నేనే అరుస్తాను, పని ఉన్నా లేకపోయినా.

కానీ ముందు నాకు ఒక్క ముక్క రాయి. ఆ సంజ్ఞ సంగతి ఎప్పుడో, తాగినప్పుడో, పెళ్లి సందట్లోనో సదయ్యకు చెప్పానని రాయి. చెప్పకపోయినా చెప్పానని రాయి. నిద్ర పట్టడం లేదు. ఎందుకంటే జూలైలో నేను నీకు రాసిన ఆ హారన్ మోత పచ్చి అబద్ధం. ఆ రోజు నేను షెడ్డు దిక్కే పోలేదు. మా ఇంటి అరుగు మీద కూర్చుని, బీడీ కాలుస్తూ, రెండు పొట్టివి ఒకటి పొడుగు అయితే చదవడానికి బాగుంటుందని నేనే అల్లాను.

లింగమూర్తి